పాటకు పునాది వేసేవాళ్ళు



మీకు బాగా ఇష్టమైన సినిమా పాట ఒకటి మనసులో తలచుకోండి. దాన్ని కూనిరాగం తీయమంటే మీరు వెంటనే పల్లవి అందుకుంటారు. చరణాల మధ్య వచ్చే వేణువునో వయొలిన్‌నో కూడా నోటితో పలికించేవాళ్ళు మనలో ఉన్నారు. కానీ ఆ పాట అడుగున, మాటల కింద, "దుమ్... దుమ్ దుమ్" అంటూ నడిచిన బరువైన నాదం ఎలా నడిచిందో చెప్పమంటే చాలామందిమి తడబడతాం. వినలేదా అంటే విన్నాం. కాలు కదిలింది కూడా దానికే. అయినా గుర్తుపట్టి చెప్పలేం. ఆ నాదాన్ని మన శాస్త్రంలో మంద్రం అంటారు. వాద్య బృందాల వాడుకలో బేస్ అంటారు. ఆ బేస్ వాయించేవాళ్ళ గురించి, వాళ్ళ వాద్యాల గురించి, ఆ విద్య ఎలా పట్టుబడుతుందన్న విషయం గురించి ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ మాటలు ముంబయి నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. మన సరిహద్దు జిల్లాల్లో బొంబాయికి పోయిన మనిషి లేని ఊరు అరుదు. దేవగిరి రైలెక్కి వెళ్ళిన పెదనాన్నో, మేనమామో ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళకంటే ఎంతో ముందు, నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి ఇల్లు కట్టే పనికి, రోడ్డు వేసే పనికి వెళ్ళిన కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు. వాళ్ళు కాపురం పెట్టిన చోటే కామాఠిపుర. ఆ పేరు చెప్పగానే లోకానికి ఇంకేదో గుర్తుకు వస్తుంది. మనకు మాత్రం ఆ పేరులో మొదట కనిపించవలసింది తట్ట, పార పట్టిన మన తాతలు. 1873లో మహాత్మా జోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు ఆయనకు అండగా నిలిచినవాళ్ళలో బొంబాయి తెలుగు కంట్రాక్టర్లు కూడా ఉన్నారు.

కంట్రాక్టు అన్నాను కనుక ఒక మాట. మరాఠీలో కంట్రాక్టును ఠేకా అంటారు. తబలా, డోలక్ వాయించేవాళ్ళు తాళాన్ని నడిపించే మూల వరసను కూడా ఠేకా అనే అంటారు. ఆ వరసను పాటంతా తప్పకుండా పట్టి ఉంచుతానని ఒప్పుకున్నవాడు ఠేకా వాయించేవాడు. పని ఒప్పుకున్న మేస్త్రీకీ, తాళం ఒప్పుకున్న వాద్యగాడికీ ఒకే మాట సరిపోయింది చూడండి. బేస్ వాయించేవాడు చేసేదీ అదే. పాటకు పునాది తాను ఒప్పుకుంటాడు. గోడలూ గోపురాలూ తక్కినవాళ్ళు లేపుతారు.

ఇంతకూ బరువైన నాదం ఎలా పుడుతుంది? ఇందులో పెద్ద రహస్యం లేదు. వస్తువు పెద్దదైనా, బరువైనా, బిగువు తగ్గినా నాదం కిందికి దిగుతుంది. మన భజన డోలక్ తీసుకోండి. కుడివైపు మూత చిన్నది, బిగువైనది. ఎడమవైపు మూత పెద్దది, కాస్త వదులు. పైగా ఎడమ తోలు లోపలి వైపు మసాలా అనే జిగట ముద్ద పూస్తారు. ఆ బరువు వల్లనే "ఘుమ్" అనే లోతు వస్తుంది. మణికట్టు తోలు మీద నొక్కి జరిపితే ఆ ఘుమ్ వంపు తిరుగుతుంది. మృదంగం వాయించే విద్వాంసులైతే కచేరీకి ముందు ఎడమవైపున రవ్వ తడిపి ముద్దగా పెడతారు. మనం ఉప్మాకు వాడే బొంబాయి రవ్వే! కచేరీ అయ్యాక గీకేస్తారు. విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్ గారు 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో మన మద్దెలల మీద ఒక వ్యాసం ప్రచురించారు. మామూలు డోలు చర్మం మోతలో స్వరం ఒకటిగా కుదరదు. మన మృదంగ, తబలాల తోలు మీద బరువు సరిగ్గా పడడం వల్ల స్వరాలు కుదురుకుంటాయని ఆయన చూపించారు. చదువుకోని మన వాద్యాల పనివాళ్ళు తరతరాలుగా చేతితో చేసిన పనిని ఆయన లెక్కతో చెప్పారన్నమాట.

బేస్ గిటార్ కూడా ఈ సూత్రం మీదనే నడుస్తుంది. మామూలు గిటార్‌కు ఆరు తీగలైతే దీనికి సాధారణంగా నాలుగే. లావైన తీగలు, పొడుగైన మెడ. అన్నిటికంటే లావు తీగ క్షణానికి సుమారు 41 సార్లు కంపిస్తుంది. తక్కినవి 55, 73, 98 సార్లు. పూర్వం ఈ పని మనిషి ఎత్తున నిలబెట్టి వాయించే డబుల్ బేస్ చేసేది. దాని మెడ మీద మెట్లు ఉండవు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపశ్రుతే. 1951లో అమెరికాలో లియో ఫెండర్ మెట్లున్న విద్యుత్ బేస్ గిటార్ తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. మెట్ల వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుంది కనుక దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టాడు.

ఇక్కడ మీకొక చిన్న వింత చెబుతాను. మీ చేతిలోని చిన్న ట్రాన్సిస్టరు గానీ, సెల్‌ఫోను గానీ ఆ 41 కంపనాల నాదాన్ని సరిగా పలికించలేదు. దాని స్పీకరు అంత చిన్నది. అయినా పాట వింటుంటే అడుగున బేస్ ఉన్నట్టే తోస్తుంది. ఎందుకంటే ఆ నాదంతోపాటు దాని రెట్టింపు, మూడు రెట్లు కంపనాలు కూడా పుడతాయి. అవి మన చెవిన పడితే చాలు, లేని అడుగు స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. వినపడకపోయినా ఉన్నట్టు అనిపించడం బేస్ స్వభావంలోనే ఉంది.

అయితే ఈ వాద్యగాడు చేసే పని ఏమిటి? రెండు పనులు. ఒకటి, కాలాన్ని పట్టి ఉంచడం. రెండు, పాట ఏ స్వరం మీద నిలబడి ఉందో చెవికి చెబుతూ ఉండడం. ఈసారి మీ ఊరి భజనకు వెళ్ళినప్పుడు డోలక్ వాయించేవారి ఎడమ చేతిని మాత్రమే గమనించండి. కుడి చేయి చిటపటలాడుతుంది, అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. ఎడమ చేయి కొన్ని దెబ్బలే వేస్తుంది. కానీ ఆ కొన్నీ ఆగిపోయాయంటే తాళాలు వేసేవాళ్ళు పరుగు అందుకుంటారు, పాడేవాళ్ళకు ఊపిరి చాలదు, చరణం చివర ఎవరు ఎక్కడ ఆగాలో తెలియదు. ఆ నాలుగు దెబ్బలే ఇరవైమందిని ఒక దారిన నడిపిస్తున్నాయని అప్పుడు అర్థమవుతుంది.

ఇంత పని చేసేవాడికి పేరు వస్తుందా అంటే, రాదు. బొంబాయి సినిమా సంగీతంలో పూర్వం డబుల్ బేస్ వంటి పాశ్చాత్య వాద్యాలు ఎక్కువగా గోవా కళాకారుల చేతుల్లో ఉండేవి. చర్చి బడుల్లో నొటేషన్ చదవడం నేర్చుకున్నవాళ్ళు వాళ్ళు. ఆర్.డి. బర్మన్ పాటల్లో బేస్ గిటార్ వాయించిన టోనీ వాజ్ పేరు ఎంతమంది శ్రోతలకు తెలుసు? ఆ పాటలైతే అందరికీ తెలుసు. మన తెలుగువాళ్ళు తరాలుగా పాడుకుంటున్న ఇళయరాజా గారి పాటల్లో బేస్ తీగ ఒక రెండో రాగంలా నడుస్తుంది. 1989 నాటి గీతాంజలి పాటలు ఈసారి ఆ ధ్యాసతో వినండి. ఆయన బృందంలో ఎన్నో ఏళ్ళు బేస్ వాయించిన శశిధరన్ గారి పేరు మాత్రం సంగీతజ్ఞులకే పరిచయం. అమెరికాలోనూ ఇదే కథ. మోటౌన్ కంపెనీ పాటలు ఎన్నింటికో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరు 1971లో మార్విన్ గే ఆల్బమ్ అట్ట మీద గానీ అచ్చు కాలేదు. ఇప్పుడు కాలం కొంత మారింది. 1996లో ముంబయిలో పుట్టిన మోహినీ డే అనే అమ్మాయి బేస్ గిటార్ పట్టుకునే దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది.

పేరు లేని పని కనుక చాలామందికి ఇది వంతుగా వచ్చిందే. బీటిల్స్ బృందంలో బేస్ వాయించే స్నేహితుడు 1961లో తప్పుకుంటే, ఇంకెవరూ ఒప్పుకోక పాల్ మెకార్ట్నీ ఆ వాద్యం ఎత్తుకున్నాడు. కారల్ కే అనే గిటార్ విద్వాంసురాలు 1963లో రికార్డింగుకు బేస్ వాయించేవాడు రాకపోతే ఆ చోట కూర్చుని, ఆ తర్వాత ఆ వాద్యంలోనే ఘనత సాధించింది. కనుక మీ పిల్లవాడికి పాటల బృందంలో కీబోర్డు దక్కక బేస్ మిగిలిందంటే చిన్నబోకండి.

మళ్ళీ ముంబయి చాళ్ళలోకి వద్దాం. చాలు అంటే మీకు తెలిసిందే. పొడుగాటి వసారా, దాని వెంట వరసగా ఒంటిగది కాపురాలు. ఈ వాడల్లో గణపతి ఊరేగింపుకు కట్టే మేళాలలో ఒకదానికి బాంజో పార్టీ అని పేరు. అందులో వాయించే బాంజో అమెరికా బాంజో కాదు. మీటలున్న బుల్‌బుల్ తరంగ్. జపానులోని నగోయాలో 1912లో గోరో మొరిటా తయారుచేసిన తాయిషోగోటో అనే వాద్యం దాని పూర్వరూపం. మన దేశానికి వచ్చి, కరెంటు తగిలించుకుని, బొంబాయి వీధుల్లో పాటలు పాడుతోంది. 2016లో ఈ మేళాల మీద బాంజో పేరుతో ఒక హిందీ సినిమా కూడా వచ్చింది. ఈ వాద్యం గొంతు సన్ననిది. జపానులో దీనికి మంద్రస్థాయి వాద్యాన్ని కూడా విడిగా చేసుకున్నారు. మన మేళాల్లో ఆ లోటును పెద్ద డోళ్ళు, కీబోర్డు ఎడమ చేయి పూరిస్తాయి.

బేస్ వాయించేవాళ్ళు నలుగురు కలిస్తే తెగని వాదాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, వేళ్ళతో మీటాలా, పిక్ అనే చిన్న బిళ్ళతోనా? జేమర్సన్ ఒక్క చూపుడు వేలితోనే అన్నీ వాయించాడు. మెకార్ట్నీ ఎక్కువగా పిక్ వాడాడు. వేలితో మీటితే నాదం గుండ్రంగా ఉంటుంది, పిక్‌తో అంచు తేలుతుంది. పాటకు ఏది కావాలో అదే సరి. రెండోది, నాలుగు తీగలా, అయిదా? అయిదో తీగ క్షణానికి 31 కంపనాల దాకా దిగుతుంది. చిన్న స్పీకరు దాన్ని మోయలేదు. నేర్చుకునేవాడికి నాలుగు తీగలు చాలు. మూడోది, కొత్త తీగలా, పాత తీగలా? జేమర్సన్ తీగ తెగితేనే మార్చేవాడట. పాత తీగ మోత మొద్దుబారి పాటలో కలిసిపోతుంది, కొత్తది మెరుస్తుంది. డోలు వాయించేవాళ్ళలో ఇదే వాదం తోలుకూ ప్లాస్టిక్‌కూ మధ్య నడుస్తుంది. గణపతి పండుగ వానాకాలంలో వస్తుంది. ముంబయి చెమ్మకు తోలు వదులైపోతుంది. డప్పునైతే మంటకు కాచుకుంటాం, పెద్ద డోలును ఎన్నిసార్లు కాస్తాం? అందుకే ఊరేగింపుకు ప్లాస్టిక్ మూత, ఇంట్లో భజనకు తోలు అన్నది పనికొచ్చే రాజీ.

నాలుగో వాదం, చెవితో నేర్చుకోవాలా, నొటేషన్ చదవాలా అన్నది. గోవా కళాకారులు కాగితం చూసి వాయించారు. చాళ్ళ మేళాలు విని వాయిస్తాయి. చదవడం వచ్చినవాడికి స్టూడియోలో పని దొరుకుతుంది. చెవి ఉన్నవాడికి పాడేవాడు శ్రుతి మార్చినా భయం లేదు. నా మట్టుకు, బడిలో రెండు భాషలు చెప్పేవాణ్ణి కనుక, రెండూ కావాలనే అంటాను. అయితే ముందు చెవి, తరువాత కాగితం. పిల్లలు మాట నేర్చేదీ ఆ వరసలోనే కదా.

ఇప్పుడు కొంచెం కటువైన సంగతి. ముంబయిలో బి.డి.డి. చాళ్ళని ఉన్నాయి. 1920 తరువాత వర్లీ, నాయగావ్, శివ్డీ వంటి చోట్ల కట్టిన 207 కట్టడాలు. ఒక్కో గది సుమారు 160 చదరపు అడుగులు. బేస్ గిటార్ లావు తీగ పుట్టించే నాదపు అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాట. అంటే గది కంటే అలే పొడుగు. అంత పొడుగు అలను మామూలు గోడ ఆపలేదు. అది పక్క గదిలోకి, పై అంతస్తులోకి పోతుంది. మాటలు వినపడవు గానీ అరలో స్టీలు గిన్నెలు గలగలమంటాయి, ముసలివాళ్ళకు గుండెలో అదురు తెలుస్తుంది. చిన్న గదిలో, అందులోనూ మూలన పెట్టిన స్పీకరు బేస్‌ను ఇంకా పెంచుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. అయితే ఆ కొలత మన చెవిని అనుసరించి తయారైనది. మన చెవి బరువైన నాదాన్ని తక్కువగా వింటుంది కనుక మీటరు కూడా తక్కువగానే లెక్కిస్తుంది. 50 కంపనాల దగ్గర సుమారు 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అందుకే డీజే పెట్టెల మోత మీటరు మీద కనిపించే దానికన్నా ఒంటి మీద ఎక్కువగా పడుతుంది.

డీజే వచ్చాక బేస్ పెరిగింది అనుకుంటున్నాం. నిజానికి పెరిగింది మోత, తగ్గింది బేస్ వాయించే మనిషి. మనిషి ఉంటే ముందు నడిచే పిల్లలు అలిసిపోయారని చూసి నడక తగ్గిస్తాడు, ఆసుపత్రి ముందు చేయి తేలిక చేస్తాడు, పాడేవాడు తడబడితే ఒక వరస తిప్పి అతనికి ఊపిరి ఇస్తాడు. పెట్టెకు ఇవేవీ తెలియవు. ఇది ముంబయి మాటే కాదు. మన ఊళ్ళలోనూ పెళ్ళి ఊరేగింపుల్లో డప్పు, డోలు బృందాల చోట పెట్టెలు వచ్చి కూర్చున్నాయి. ఆ బృందాల్లో కూలి పోయింది ఒక సంగతి. వాళ్ళ వెంట నడుస్తూ నేర్చుకునే పిల్లలు లేకపోవడం ఇంకో సంగతి. కూలి మళ్ళీ రావచ్చు. ఒక తరం నేర్చుకోకుండా పోతే ఆ చేయి మళ్ళీ రావడం కష్టం.

అందుకని నేర్చుకోదలచినవారికి నాలుగు సూచనలు. వాద్యం కొనకముందు నెల రోజులు వినండి. రోజుకు ఒక్క పాట, అందులో అడుగు నాదం మాత్రమే. దాన్ని నోటితో అనగలిగాక చేతిలోకి తీసుకోండి. డోలక్ అయితే మొదట ఎడమ చేయి ఒక్కటే, నోటితో తాళం చెబుతూ, పదిహేను నిమిషాలు నడక మారకుండా వేయండి. బేస్ గిటార్ అయితే తాళం మొదటి దెబ్బ మీద ఆధార స్వరం ఒక్కటే వాయించండి. అది కుదిరాకే రెండో స్వరం. చిన్న ఇల్లైతే హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేయండి. స్పీకరే పెడితే మూల నుంచి జరిపి, నేల మీద కాకుండా పీట మీద పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, వారానికి ఒక్కసారైనా పాడేవాళ్ళతో కూర్చోండి. ఒంటరిగా వాయించినప్పుడు బేస్ విసుగు పుట్టిస్తుంది. నలుగురిలోనే దాని పని తెలుస్తుంది.

వర్లీ బి.డి.డి. చాళ్ళు కూల్చి కట్టిన కొత్త అంతస్తుల్లో 2025 ఆగస్టులో తొలి కుటుంబాలకు తాళం చెవులు ఇచ్చారు. 500 చదరపు అడుగుల ఇళ్ళు, ఇంటిలోపలే మరుగుదొడ్డి. కామాఠిపుర పాత ఇళ్ళనూ తిరిగి కట్టే పథకం చేపట్టారు. ఇది మన వాళ్ళు తరాలుగా కోరుకున్న సుఖం. సంతోషించవలసిందే. అయితే చాలులో భజన జరిగితే వసారాలో నిలబడిన ప్రతి పిల్లవాడూ విన్నాడు. ఎడమ చేయి ఎలా పడుతుందో దూరం నుంచి చూసి నేర్చుకున్నాడు. తలుపు మూసిన ఇళ్ళలో అలా జరగదు. అందుకని కొత్త కట్టడాలలో సంఘం వాళ్ళు ఒక గదిని వారానికి ఒక పూట భజనకు, మేళానికి ఇవ్వాలి. తలుపు తీసే ఉంచాలి.

మీకూ అదే మనవి. మీ ఊళ్ళో డోలు పట్టే పెద్దాయన ఉంటే, ఈ వారమే మీ పిల్లవాణ్ణి ఆయన ఎడమవైపున కూర్చోబెట్టండి. ముందు చూడనివ్వండి. వాయించడం తరువాత వస్తుంది.